అడవి కూడా బడే: గచ్చిబౌలి చుట్టూ పార్కులు, మన పిల్లల హక్కు

హైదరాబాద్‌లో, దాని అంచున మూడు జాతీయ ఉద్యానవనాలున్నాయి. జూబ్లీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, చిలుకూరు దగ్గర మృగవని, వనస్థలిపురంలో కృష్ణజింకలకు పేరుపడ్డ మహావీర్ హరిణ వనస్థలి. మూడోది ఒకప్పుడు నిజాం వేటమైదానం. మొదటిదాంట్లో నిజాం వంశీయుల చిరాన్ ప్యాలెస్ ఇప్పటికీ ఉంది. గచ్చిబౌలి నుంచి మృగవనికి పొద్దున బస్సెక్కితే జింకల్ని చూసి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

ఐటీ కారిడార్‌లో కార్పొరేట్ బడి అయితే దీన్ని 'ఫీల్డ్ ట్రిప్' అని ఫీజులో కలిపేస్తుంది. అక్కడే టవర్లు కట్టే కూలీల పిల్లలు, అపార్ట్‌మెంట్లు ఊడ్చే తల్లుల పిల్లలు చదివే సర్కారు బడిలో అది ఏ సారు ఓపిక మీదనో నడవాలి.

నిజానికి ఇది ఎవరి దయా కాదు. పర్యావరణాన్ని పాఠంగా చెప్పాలని ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. విద్యాహక్కు చట్టం (2009) 29వ సెక్షన్ పిల్లలు చేసి, వెతికి, కనుక్కుని నేర్చుకోవాలంటుంది. చదువు పూర్తి కాకుండా అడ్డుపడే ఏ ఫీజూ, ఏ ఖర్చూ పిల్లల మీద పడకూడదని 3వ సెక్షన్ చెబుతుంది. 'డబ్బులు తెచ్చినోళ్లే బస్సెక్కండి' అనే మాటకు సర్కారు బడిలో చోటు లేదు.

తీసుకెళ్లడం ఒక్కటే సరిపోదు, అక్కడ ఏం చెబుతారన్నది ముఖ్యం. తంగేడు పువ్వునే తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర పుష్పమని, బతుకమ్మలో పేరుస్తారని ఏ టీచరైనా చెబుతారు. ఆ చెట్టు బెరడుతోనే మాదిగలు తోలు ఊనేవారని, పచ్చితోలు కుళ్లకుండా చేసేది బెరడులోని వగరేనని ఎంతమంది చెబుతారు? అది అచ్చమైన రసాయనశాస్త్రం. దాన్ని తరతరాలుగా చేసి చూపించినోళ్లను మాత్రం ఊరి బయట పెట్టారు. ఆ ఇంటి పిల్లకు తంగేడు పొద ముందు తలెత్తుకుని మాట్లాడే వంతు రావాలి.

అవకాశం దొరికితే ఏమవుతుందో 2014లో చూశాం. ఖమ్మం జిల్లా దళిత కుర్రాడు సాధనపల్లి ఆనంద్, నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. భువనగిరి గుట్ట మీద బండలెక్కడం నేర్చి, డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ పొంది మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. అదే గురుకులాల సంస్థ గచ్చిబౌలి పక్కన గౌలిదొడ్డిలో ఐఐటీ, మెడిసిన్ సీట్లకు పిల్లల్ని తయారుచేస్తోంది. ర్యాంకుల ఒత్తిడిలో బయటి చదువు ముందుగా కోతపడకుండా చూడాలి.

గచ్చిబౌలిలో పార్కు బోర్డు లేని అడవి కూడా ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలి, 400 ఎకరాలు. కంచ అంటే పశువులు మేసే బీడు. అక్కడ చెట్లు నరుకుతుంటే విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది.

ఇక అడగాల్సింది ఎక్కడ? ప్రతి సర్కారు బడిలో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. బలహీనవర్గాల తల్లిదండ్రులకు పిల్లల సంఖ్యను బట్టి చోటివ్వాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది ఆ కమిటీయే (22వ సెక్షన్). అందులో అడవి ప్రయాణం, బస్సు ఖర్చు, మధ్యాహ్నం భోజనం రాయించండి. పార్కులోకి వెళ్లేందుకు వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) 28వ సెక్షన్ కింద అనుమతి ఇచ్చేది అటవీశాఖ. హెడ్మాస్టరు సంతకంతో ముందుగానే దరఖాస్తు పెట్టించండి.