ఒకే తల్లి కణం కోసం

జీవౌషధాల పరిశ్రమను మోస్తున్న సీహెచ్ఓ కణాలకు మూలం 1957లో డెన్వర్‌లో ఉంది. కొలరాడో విశ్వవిద్యాలయంలో థియొడోర్ పక్ వాటిని ఒక చైనీస్ హామ్‌స్టర్ అండాశయం నుంచి తీసి పెంచాడు. ఒంటరి కణం నుంచి కాలనీని పెంచే తేలికైన పద్ధతిని ఆయన, ఫిలిప్ మార్కస్ అంతకు రెండేళ్ల ముందే చూపారు.

1980లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన గెయిల్ అర్లాబ్, లారెన్స్ చేసిన్ డీహెచ్ఎఫ్ఆర్ ఎంజైమ్ లేని సీహెచ్ఓ కణాలను సాధించారు. మందు ప్రోటీన్ జన్యువుకు ఆ ఎంజైమ్ జన్యువును జోడించి కణంలోకి పంపుతారు. తర్వాత ఎంజైమ్‌ను అడ్డుకునే మెథోట్రెక్సేట్ మోతాదును మెల్లగా పెంచుతారు. రెండు జన్యువుల ప్రతులనూ పెంచుకున్న కణాలే ఆ పరీక్షను తట్టుకుంటాయి. మెథోట్రెక్సేట్ లెడర్లీ ప్రయోగశాలలో మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం కృషి ఫలం. క్యాన్సర్ కోసం పుట్టిన మందు ఇలా కణాలను జల్లెడ పట్టడానికీ పనికొచ్చింది. గుండెపోటులో రక్తపు గడ్డను కరిగించే జెనెన్‌టెక్ వారి టీపీఏ సీహెచ్ఓ కణాల్లోనే తయారై 1987లో అమెరికా అనుమతి పొందింది.

అసలు చాకిరీ మంచి దిగుబడినిచ్చే కణాన్ని ఏరడంలో ఉండేది. కొత్త జన్యువు ఒక్కో కణంలో ఒక్కో చోట అతుక్కుంటుంది కనుక దిగుబడి ఏ రెండింటిలోనూ ఒకేలా ఉండదు. అందుకే కణాల ద్రవాన్ని బాగా పలచన చేసి, 96 గుంటల ప్లేట్లలో పిపెట్‌తో పంచేవారు. గుంటకు సగటున అర కణం పడేలా పంచితే, లెక్క ప్రకారం నూటికి దాదాపు 60 గుంటలు ఖాళీగా మిగులుతాయి. నిండిన వాటిలోనూ దాదాపు నాలుగో వంతులో ఒకటికి మించి కణాలుంటాయి. ఆ అనుమానం తీరాలంటే అదే పనిని మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. వారాలు నెలలయ్యేవి.

ఔషధ నియమాలను దేశాల మధ్య సమన్వయపరిచే ఐసీహెచ్ 1997లో తెచ్చిన క్యూ5డీ మార్గదర్శకం, మందు తయారీకి దాచే కణ నిధికి ఒకే తల్లి కణం మూలంగా ఉండాలన్న సూత్రాన్ని ముందుకు తెచ్చింది. కణాలను ఏరే యంత్రాలకు గిరాకీ పెంచింది వేగం ఒక్కటే కాదు, మూలం ఒకే కణమని రుజువు చూపాల్సిన అవసరం కూడా. కణం పడిన రోజే గుంటను ఫొటో తీసే పరికరాలు వచ్చాయి. 1965లో లాస్ అలమోస్‌లో మాక్ ఫుల్‌వైలర్ కట్టిన, కణాలను వేరుచేసే యంత్రపు వారసులు గుంటకొక్క కణాన్ని వదలసాగాయి. క్లోన్‌పిక్స్ అనే యంత్రం చిక్కటి మాధ్యమంలో పెరిగిన కాలనీలను వాటి చుట్టూ మెరిసే ప్రోటీన్ వలయాన్ని బట్టి ఏరింది. బర్క్‌లీ లైట్స్ వారి బీకన్ యంత్రం కాంతితోనే కణాన్ని నెట్టి సూక్ష్మమైన గదిలో పెట్టింది. ఎంపికైన క్లోన్లను, అంటే ఒకే కణం నుంచి పెరిగిన సంతతులను, యాంబర్ యంత్రంలోని 15 మిల్లీలీటర్ల బుల్లి రియాక్టర్లు పక్కపక్కనే పరీక్షిస్తాయి.

అయితే తరాలు గడిచినా దిగుబడి తగ్గదని తేల్చుకోవడానికి మాత్రం కణాలను ఇప్పటికీ వారాల తరబడి పెంచి చూడాల్సిందే.