సమాధానం: కోవెంట్రీ కెథడ్రల్‌లో ఒక శుక్రవారం

రికన్సిలియేషన్ అన్న ఇంగ్లీషు మాటని తెలుగులో ఏమనాలన్నది నాకు చాలాకాలంగా తేలని విషయం. పత్రికల వాళ్ళు సయోధ్య అంటారు. పోలీసు స్టేషన్లో, పెద్దమనుషుల పంచాయితీలో రాజీ అంటారు. తెలుగు బైబిలు అనువాదకులు మాత్రం 'సమాధానపరచు' అన్న మాట వాడారు. పిహెచ్.డి. కోసం క్రైస్తవ వచనం చదువుతున్న రోజుల్లో ఆ మాట దగ్గర ఆగిపోయాను. మనకి సమాధానమంటే జవాబు. వాళ్ళకి శాంతి. అడిగిన ప్రశ్నకి జవాబు వస్తేనే శాంతి అన్నమాట అని అప్పట్లో తెగ సంబరపడ్డాను. ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఈ ఒక్క మాటనే తన పనిగా పెట్టుకున్న చర్చి ఇంగ్లండులోని కోవెంట్రీ కెథడ్రల్. 2023 జూన్‌లో వార్విక్ విశ్వవిద్యాలయానికి సదస్సు కోసం వెళ్ళాను. పేరుకే వార్విక్, అది ఉండేది కోవెంట్రీ అంచున. శుక్రవారం నా పత్రం ఏమీ లేదు. పొద్దున్నే బస్సెక్కి ఊళ్ళోకి వెళ్ళాను.

బ్రాడ్‌గేట్ చౌకులో ముందు కనిపించింది కెథడ్రల్ కాదు, గొడైవా. గుర్రం మీద నగ్నంగా కూర్చున్న కంచు విగ్రహం, 1949లో పెట్టారు. ప్రజల మీద పన్ను తగ్గించమని భర్తని అడిగితే, నగ్నంగా ఊరంతా తిరిగితే తగ్గిస్తానన్నాడనీ, ఆమె తిరిగిందనీ కథ. ఆ కథ మొదట రాతకెక్కింది పదమూడో శతాబ్దంలో, ఆమె చనిపోయిన నూటయాభై ఏళ్ళకి పైగా గడిచాక. చరిత్రలో ఉన్న గొడ్‌గిఫు వేరు. 1043లో భర్త లియోఫ్రిక్‌తో కలిసి ఇక్కడి మఠానికి భూములూ సంపదా ఇచ్చిన మనిషి. 1086 నాటి డూమ్స్‌డే భూముల చిట్టాలో ఆమె సొంత ఆస్తులు నమోదై ఉన్నాయి. ప్రార్థనలు లెక్కపెట్టుకునే తన రత్నాల దండని మేరీ విగ్రహానికి వెయ్యమని చెప్పిపోయిందని పన్నెండో శతాబ్దపు చరిత్రకారుడొకాయన రాశాడు. ఆ మఠం చర్చే కోవెంట్రీ మొదటి కెథడ్రల్ అయింది. ఎనిమిదో హెన్రీ కాలంలో దాన్ని పడగొట్టారు. అంటే ఈ ఊరి మొదటి కెథడ్రల్ వెనక ఒక స్త్రీ ఆస్తి ఉంది. ఊరు గుర్తుపెట్టుకున్నది ఆమె ఒంటిని. విగ్రహం కింద కూర్చుని శాండ్‌విచ్ తింటున్న పిల్లలకి ఇదంతా పట్టే విషయం కాదనుకోండి.

రెండో కెథడ్రల్ సెయింట్ మైకేల్ చర్చి. మధ్యయుగాల నాటి ఆ చర్చికి 1918లో కెథడ్రల్ హోదా వచ్చింది. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు ఈ పారిశ్రామిక నగరం మీద బాంబులు కురిపించాయి. 500 మందికి పైగా చనిపోయారు. చర్చి కప్పు కాలిపోయింది, గోడలూ పొడవాటి శిఖరమూ మిగిలాయి. కొత్తది కట్టడానికి 1951లో జరిగిన పోటీకి 219 నమూనాలు వస్తే బేసిల్ స్పెన్స్‌ది నెగ్గింది. ఆయన శిథిలాన్ని తొలగించలేదు. దాన్ని అలాగే ఆకాశానికి తెరిచి ఉంచి, దానికి లంబంగా కొత్త చర్చి కట్టి, రెంటినీ ఒక ఎత్తైన మంటపంతో కలిపాడు. 1962 మే 25న ప్రతిష్ఠ జరిగింది. కొత్త చర్చికి శిథిలం వైపు గోడ లేదు. దేవదూతల్నీ సాధువుల్నీ చెక్కిన పెద్ద గాజు తెర ఉంది. లోపల ఎక్కడ నిలబడి వెనక్కి తిరిగినా ఆ దేవదూతల మధ్యనుంచి కాలిన గోడ కనిపిస్తుంది.

లోపలికి వెళ్ళగానే కుడివైపు బాప్తిస్మ పీఠం. బెత్లెహేము కొండ నుంచి తెచ్చిన మూడు టన్నుల బండరాయి, పైన గుల్ల ఆకారంలో చిన్న గుంట. దాని వెనక నేల నుంచి కప్పుదాకా ఒకటే కిటికీ. దాదాపు 200 గాజు పలకలు, గీసింది జాన్ పైపర్, గాజులో చేసింది పాట్రిక్ రెయిన్‌టియెన్స్. బొమ్మలేవీ లేవు. అంచుల్లో నీలం, ఎరుపు, ఆకుపచ్చ, నడుమకి వచ్చేసరికి పసుపు, ఆపైన తెలుపు. పొద్దుటి ఎండ సరిగ్గా అటునుంచే వస్తుంది. సిద్ధాంతాలన్నీ పక్కన పెట్టి పావుగంట నోరు తెరుచుకుని చూశానని ఒప్పుకోవాలి.

అక్కణ్ణుంచి బలిపీఠం వైపు నడుస్తుంటే విచిత్రం మొదలైంది. గోడల నిండా వెలుగుంది, కిటికీలు లేవు. ఉన్నాయి, పది ఉన్నాయి, ఒక్కొక్కటీ ఇరవై మీటర్లకి పైగా ఎత్తు. కానీ స్పెన్స్ గోడల్ని మడతలు మడతలుగా కట్టి, కిటికీలన్నీ బలిపీఠం వైపు తిరిగి ఉండేట్టు పెట్టాడు. ముందుకి నడిచే మనిషికి వెలుగే తప్ప గాజు కనిపించదు. బలిపీఠం దాకా వెళ్ళి వెనక్కి తిరిగితే అప్పుడు కనిపిస్తాయి: ఆకుపచ్చ, ఎరుపు, రకరకాల రంగులు కలిసినవి, ఊదా, బంగారం. పుట్టుక నుంచి పరలోకం దాకా మనిషి ప్రయాణమట. లారెన్స్ లీ, కీత్ న్యూ, జెఫ్రీ క్లార్క్ అన్న ముగ్గురు రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చేశారు.

పైపర్, రెయిన్‌టియెన్స్, లీ, న్యూ, క్లార్క్. ఇన్ని పేర్లు రాసుకున్నాక, బాప్తిస్మ పీఠానికి ఎదురుగా ఉన్న చాపెల్ ఆఫ్ యూనిటీలోకి వెళ్ళాను. నక్షత్రం ఆకారపు గది, గోడల్లో సన్నటి నిలువు చీలికలు. వాటిలో మందపాటి రంగు గాజు ముక్కల్ని కాంక్రీటులో పొదిగారు. చేసింది మార్గరెట్ ట్రహెర్న్ (1919–2006). ఇవి చూడమని పిలిచే కిటికీలు కావు. గది చీకటిగా ఉంటుంది, మొజాయిక్ నేల మీద మాత్రం రంగు మరకలు పడి మెల్లగా జరుగుతుంటాయి. లివర్‌పూల్ మెట్రోపాలిటన్ కెథడ్రల్‌లో కూడా ఆమె గాజు ఉంది. పోస్టుకార్డుల స్టాండులో పైపర్ కిటికీ నాలుగు రకాలుగా దొరికింది. ట్రహెర్న్‌ది ఆరోజు ఒక్కటీ లేదు.

బలిపీఠం వెనక గోడంతా గ్రాహం సదర్లాండ్ గీసిన క్రీస్తు. చిత్రం కాదు, నేత. సుమారు 23 మీటర్ల ఎత్తు, 12 మీటర్ల వెడల్పు, టన్ను బరువు. ఫ్రాన్సులోని ఫెలెటిన్ అనే చిన్న ఊళ్ళో ఒకే ముక్కగా నేశారు. అక్కడి మగ్గం పద్ధతిలో నేతగాళ్ళకి కనిపించేది బట్ట వెనకవైపు. చుట్టుకుపోతున్న బట్టలో తాము నేసిన ముఖాన్ని పూర్తిగా చూడకుండానే ఏళ్ళు పనిచెయ్యాలి. నేను చదివిన వివరాల్లో సదర్లాండ్ పేరుంది, నేతశాల యజమానుల పేరుంది, నేసిన చేతుల పేర్లు లేవు. పోచంపల్లి చీరకి ఆసుపోసే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. చీరకి వేలసార్లు చెయ్యి చాపీ చాపీ భుజాలు పడిపోయిన తల్లి లక్ష్మి కోసం చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. అలా యంత్రం మీదకైనా ఎక్కిన పేరు అరుదు. మేరీమాతకి కేటాయించిన ప్రార్థనాస్థలం ఎక్కడా అని వెతికితే, ఈ నేత కింద, ప్రధాన బలిపీఠానికి వెనక ఉంది. కొడుకు పాదాల కింద.

లేఖనాలు చదివే పీఠం మీది కంచు గద్ద ఎలిజబెత్ ఫ్రింక్ చేసింది. రెక్కలు విప్పి, మెడ ముందుకి చాచి, ఎగరబోతోందో పడబోతోందో తెలియని పక్షి. 1962లో ప్రతిష్ఠ నాటికి ఆమెకి 31 ఏళ్ళు. గద్దని చెయ్యనిచ్చిన చర్చి స్త్రీలని గురువులుగా అభిషేకించడానికి 1994 దాకా ఆగింది. ఫ్రింక్ 1993లోనే పోయింది. ఇంగ్లండు చర్చికి మొదటి మహిళా బిషప్ 2015లో వచ్చారు. దానికి రెండేళ్ళ ముందే, 2013లో, దక్షిణ ఇండియా సంఘం నంద్యాల అధ్యక్ష మండలంలో ఎగ్గోని పుష్పలలిత బిషప్ అయ్యారు. మా ఊళ్ళో చర్చి గురువుని అయ్యగారంటారు, అమ్మగారంటే అయ్యగారి భార్య. ఆ 'అమ్మగారు' ఒక పదవి అయ్యే రోజు కర్నూలు జిల్లాలో ముందు వచ్చి ఇంగ్లండులో తర్వాత వచ్చిందన్నమాట. సదస్సులో ఒకావిడకి చెబితే నమ్మలేదు.

ప్రతిష్ఠ వేడుకల్లో 1962 మే 30న బెంజమిన్ బ్రిటెన్ 'వార్ రిక్వియమ్' మొదటిసారి ఇక్కడే వినిపించారు. ఇంగ్లీషు గాయకుడు, జర్మన్ గాయకుడు, రష్యన్ గాయని కలిసి పాడాలని బ్రిటెన్ కోరిక. గలీనా విష్నెవ్‌స్కయాని సోవియట్ ప్రభుత్వం పంపలేదు. హెదర్ హార్పర్ కొద్ది రోజుల్లో నేర్చుకుని పాడింది. ఈ కథ అందరూ చెబుతారు. నాకు పట్టింది వేరు. మగవాళ్ళిద్దరూ పాడేది సైనికుడు విల్ఫ్రెడ్ ఓవెన్ రాసిన ఇంగ్లీషు కవితలు, 'నేను' అని మాట్లాడే మాటలు. ఆమె పాడేది బృందంతో కలిసి లాటిన్ ప్రార్థన. యుద్ధంలో ఆడదానికి అనుభవం లేదు, విలాపం ఉంది.

మధ్యాహ్నం పన్నెండుకి శిథిలంలోకి వచ్చాను. ప్రతి శుక్రవారం అక్కడ సయోధ్య ప్రార్థన జరుగుతుంది, 1958లో రాసింది. జాతుల మధ్య ద్వేషం, ఇతరుల శ్రమని దోచే దురాశ, స్త్రీ పురుషుల, పిల్లల శరీరాలని అవమానించే కామం, ఇలా ఏడు పాపాలు. ఒక్కోదానికీ అందరూ చెప్పే జవాబు ఒకటే: తండ్రీ, క్షమించుము. బాంబులు పడ్డ తర్వాత కెథడ్రల్ పెద్ద రిచర్డ్ హోవర్డ్ గోడ మీద ఉంచమన్న మాటలవి. సిలువ మీద యేసు చెప్పిన వాక్యంలో 'వీరిని' అని ఉంది. హోవర్డ్ దాన్ని తీసేశాడు. పాపం వాళ్ళదే కాదు, అందరిదీ అని. అది ఉత్తమాటగా పోలేదు. 1965లో కోవెంట్రీ నుంచి యువకులూ యువతులూ డ్రెస్డెన్ వెళ్ళి, బ్రిటిష్ బాంబులకి కూలిన ఆసుపత్రిని తిరిగి కట్టడంలో పనిచేశారు.

పదిహేనుమందిమి ఉన్నాం. అందరూ జవాబు చెబుతున్నారు. నాకు గొంతు పెగల్లేదు.

పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు కొంతకాలం ఒక మహిళా సలహా కేంద్రంలో సాయంత్రాలు పనిచేశాను. దస్తూరి బాగుంటుంది, వాక్యం తిన్నగా వస్తుంది అని రాజీ పత్రాలు నాతో రాయించేవారు. ఒకామె ఎడమచేతికి కట్టుతో వచ్చింది. నాకంటే రెండుమూడేళ్ళు పెద్దదేమో. మూడుసార్లు ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడాక కుదిరిందన్నారు. 'గతంలో జరిగిన మనస్పర్థలను మరచి ఇకమీదట ఇరువురము పరస్పర గౌరవముతో మెలగగలము' అని రాసి చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, "బాగా రాశారు మేడమ్. ఆయన కొట్టాడని ఎక్కడుంది?" అని అడిగింది. నేను సలహాదారు వైపు చూశాను. "అది రాస్తే రాజీ ఎట్లా అవుతుందమ్మా?" అందావిడ. ఆమె సంతకం పెట్టింది, కుడిచేత్తో.

హోవర్డ్ వాక్యంలో కర్మ లేదు, నా వాక్యంలో కర్త లేడు. కానీ హోవర్డ్ కాలినవాళ్ళ తరఫు మనిషి. 'వీరిని' తీసేసే హక్కు ఆయనకుంది. పైగా కాలిన గోడ అలాగే ఉంది. కొత్త చర్చి గుమ్మంలో, ఇది 1940 నవంబరు 14న కాలిందని నేలమీదే రాసి ఉంది. ఆ అక్షరాలు రూపొందించిన రాల్ఫ్ బేయర్ జర్మనీ నుంచి వచ్చిన కాందిశీకుడు, తల్లి ఆష్‌విట్జ్‌లో చనిపోయింది. క్షమ గురించి మాట్లాడే ఈ స్థలంలో ఏం జరిగిందో ఎవరూ చెరిపెయ్యలేదు. నేను చెరిపేశాను, మంచి తెలుగులో.

శిథిలంలో ఒక మూల రెండు కంచు బొమ్మలు, స్త్రీ పురుషుడు మోకాళ్ళ మీద ఉండి ఒకరి మీద ఒకరు వాలిపోయి ఉంటారు. చేసింది జోసెఫీనా ద వాస్కన్‌సెలోస్. యుద్ధం అయిపోయాక భర్తని వెతుక్కుంటూ ఐరోపా అడ్డంగా కాలినడకన వెళ్ళిన ఒక స్త్రీ కథ చదివి, 1977లో బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కోసం దీన్ని చేసి 'రీయూనియన్' అని పేరు పెట్టింది. తర్వాత దాని పేరు 'రికన్సిలియేషన్' అయింది. ఆ పేరుతోనే 1995లో ఇక్కడా హిరోషిమాలోనూ ప్రతిరూపాలు నిలిపారు. మరో రెండు బెర్లిన్‌కీ బెల్‌ఫాస్ట్‌కీ వెళ్ళాయి. అన్ని దేశాలకీ పనికొచ్చే పేరే, కాదనను. మొదటి పేరులో మాత్రం ఒక మనిషి నడక ఉంది, అరికాళ్ళున్నాయి. ఆ బొమ్మలో స్త్రీ పాదాలు ఎలా ఉన్నాయో చూద్దామని చుట్టూ తిరిగాను. చాలాసేపే తిరిగినట్టున్నాను, ఒక పెద్దాయన ఏమైనా పోగొట్టుకున్నావా అమ్మా అన్నట్టు ఇంగ్లీషులో అడిగాడు.

సాయంత్రం బస్సుకి ముందు మళ్ళీ ట్రహెర్న్ గదిలోకి వెళ్ళాను. పొద్దున ఎర్రగా ఉన్నచోట నేల మామూలు రాయి రంగులో ఉంది. రంగులు అవతలి పక్కకి జరిగాయి. కుర్చీలో కూర్చుని పుస్తకంలో ఆ రాజీ పత్రం మళ్ళీ రాయడానికి ప్రయత్నించాను, ఈసారి కర్తతో. వాక్యం సులభంగానే వచ్చింది. ఆమె ఇంటిపేరు గుర్తుంది, ఊరు గుర్తులేదు. చిరునామా ఆ కాగితంలోనే ఉంది. రెండు ప్రతులు రాశాను, ఒకటి కేంద్రానికి, ఒకటి అతనికి.