ఇన్మన్ పార్క్ - రాని హైవే కథ

అట్లాంటాలో మనవాళ్ళు ఎక్కువగా ఆల్ఫరెట్టా, కమ్మింగ్, సువానీ వైపు ఉంటారు. నేనేమో డౌన్‌టౌన్‌కి రెండు మైళ్ళ దూరంలో ఇన్మన్ పార్క్‌లో అద్దెకుంటున్నాను. "అంత అద్దె పోసి ఆ పాత కొంపల మధ్య ఏముందని?" అని చాలామంది అడిగారు. అందుకే ఆ పాత కొంపల కథ కాస్త చెప్తాను.

1889లో జోయెల్ హర్ట్ అనే ఇంజనీరు (సివిల్ లెండి, మన టైపు కాదు :)) వేసిన కాలనీ ఇది. అట్లాంటాలో ప్లాను ప్రకారం కట్టిన మొదటి శివారు. ఊళ్ళోకి వెళ్ళి రావడానికి ఎడ్జ్‌వుడ్ ఎవెన్యూ మీద కరెంటు ట్రామ్ కూడా ఆయనే నడిపాడు. కోకాకోలా కంపెనీ పెట్టిన ఆసా కాండ్లర్ లాంటి శ్రీమంతులు ఇక్కడ మేడలు కట్టుకున్నారు.

తర్వాత కార్లొచ్చాయి. డబ్బున్నవాళ్ళు డ్రూయిడ్ హిల్స్ లాంటి కొత్త చోట్లకి వెళ్ళిపోయారు. మేడల్ని గదులు గదులుగా చేసి అద్దెకిచ్చారు. 1960ల నాటికి ఇదొక పాడుబడ్డ పేట. ఐ-485 అనే హైవేని ఈ చుట్టుపక్కల పేటల మీదుగానే గీశారు. ప్రభుత్వం వందల ఇళ్ళు కొని కూలగొట్టింది కూడా.

1969లో రాబర్ట్ గ్రిగ్స్ అనే డిజైనర్ ఒక పాత మేడ కొని బాగుచేయడం మొదలుపెట్టాడు. ఆయన్ని చూసి ఇంకొందరొచ్చారు. 1970లో సంఘం పెట్టుకుని, పక్క పేటలవాళ్ళతో కలిసి హైవే మీద పోరాడారు. జిమ్మీ కార్టర్ గవర్నర్‌గా ఉన్నప్పుడు ఆ హైవేకి అడ్డుకట్ట పడింది.

అసలు తమాషా ఏంటంటే, అదే కార్టర్ ప్రెసిడెంట్ పదవి దిగాక, కూలగొట్టిన ఆ జాగాలోనే ఆయన లైబ్రరీ వచ్చింది (1986). దానికోసం మళ్ళీ రోడ్డన్నారు, ఈసారి ఆయన మద్దతుతోనే! జనం మళ్ళీ కోర్టుకెక్కారు. 1991లో రాజీ కుదిరి, చిన్నపాటి పార్క్‌వేతో సరిపెట్టుకున్నారు. మిగిలిన జాగా ఫ్రీడమ్ పార్క్ అయ్యింది. నేను సాయంత్రం నడిచేది అక్కడే.

ఇక్కడిదాకా గెలుపు కథే. కానీ గదుల్లో అద్దెకున్నవాళ్ళ సంగతేంటి? మేడ మళ్ళీ ఒకే కుటుంబం ఇల్లు కావాలంటే వాళ్ళు ఖాళీ చేయాల్సిందే కదా. ఇళ్ళు కాపాడినవాళ్ళ పేర్లు దొరుకుతాయి, వీళ్ళవి దొరకవు.

2012లో బెల్ట్‌లైన్ కాలిబాట వచ్చాక రేట్లు ఇంకా ఎగిరాయి. 1999లో జార్జియా టెక్ థీసిస్‌లో ఆ ఆలోచన రాసిన రయన్ గ్రావెలే, మామూలు జీతగాళ్ళకి ఇళ్ళు సరిపడా కట్టడం లేదని 2016లో దాని అనుబంధ సంస్థ బోర్డు నుంచి తప్పుకున్నాడు.

హైవే అయితే బుల్‌డోజర్ కనపడుతుంది, అడ్డం పడుకోవచ్చు. అద్దె పెరిగితే ఎవరికి అడ్డం పడుకుంటాం? పైగా ఆ పెరిగిన అద్దె కట్టేది నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళే. పాత ఊళ్ళంటే ఇష్టపడి చేరేవాళ్ళం ఈ లెక్క కూడా వేసుకోవాలి. మీరేమంటారు?