వేగు, తూకము, ఆజ్ఞ: భారత గూఢచార శాఖల పునర్నిర్మాణము

రాజులకు చారులే కన్నులని పెద్దల మాట. దీనిని చారుల పొగడ్తగానే మనము సాధారణముగా గ్రహింతుము. కాని కన్ను చూచును గాని నిశ్చయింపదు. కన్ను చూచినదానిని మనస్సు తూచవలెను. మనస్సు తూచిన పిదప చేయి కదలవలెను. మానవదేహమున ఈ మూడు పనులును సహజముగానే పొందుపడియున్నవి. రాజ్యమునకు అట్టి దేహము లేదు. వేగు తెచ్చుట ఒక కచేరికిని, దానిని తూచుట మరియొక కచేరికిని, ఆజ్ఞ ఇచ్చుట వేరొక అధికారికిని అప్పగించి, వారి నడుమ దారులు వేయవలసి వచ్చును. ఆ దారులు ఎక్కడ తెగెను, తెగినప్పుడెల్ల వానిని అతుకుటకు ఎట్టి ప్రయత్నములు జరిగెను అనునదే భారతదేశపు గూఢచార శాఖల చరిత్రలో మనము నేర్చుకొనవలసిన భాగము. సాహసగాథలు ఆ చరిత్రలో స్వల్పము. అధికభాగము కుర్చీల అమరికను గూర్చినది.

ఈ సమస్యను కౌటిల్యుడు బాగుగా ఎరుగును. అర్థశాస్త్రమున చారులు రెండు తరగతులుగా కనబడుదురు. విద్యార్థిగా, సేద్యగానిగా, వర్తకునిగా, తాపసిగా వేషము ధరించి ఒకచోట నిలిచి పనిచేయువారు సంస్థలు. తిరుగుచు పనిచేయువారు సంచారులు. సంచారులు తెచ్చిన వార్త సంస్థలకు చేరి, అచ్చటినుండి గూఢలిపిలో పైకి పోవును. వారు ఒకరినొకరు ఎరుగరాదు. మూడు వేర్వేరు మార్గములలో వచ్చిన వార్త ఏకమైనప్పుడే దానిని నమ్మవలెను. ఇది కేవలము వేషముల పట్టిక కాదు. ఎవరు ఎవరికి చెప్పవలెను, ఎవరి మాటను ఎట్లు పరీక్షింపవలెను అను కట్టుబాటు. తెలుగువారికిని ఈ విచారము కొత్తది కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున చారుల యోగ్యతలను సైతము చర్చించియున్నాడు.

ఆధునిక కాలమున మన గూఢచార శాఖకు పునాది పడినది బ్రిటిషు పాలనలో. థగ్గులను, బందిపోట్లను అణచుటకు ఏర్పడిన శాఖకు అనుబంధముగా 1887 డిసెంబరులో ఒక కేంద్ర ప్రత్యేక విభాగమునకు అనుమతి లభించెను. రాజకీయ, మత, సాంఘిక ఉద్యమముల వార్తలను రాష్ట్రములనుండి సేకరించి ఒకచోట కూర్చుట దాని పని. 1902-03లో ఆండ్రూ ఫ్రేజరు అధ్యక్షతన కూర్చున్న పోలీసు కమిషను సిఫారసుల మీద 1904లో పాత థగ్గీ శాఖ రద్దై, దాని స్థానమున కేంద్ర నేరపరిశోధక శాఖ ఏర్పడెను. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగము చేసి వచ్చిన హెరాల్డు స్టూవర్టు దాని తొలి అధిపతి.

ఈ ఏర్పాటులో ఒక విశేషము కలదు. కేంద్రశాఖ వార్తలను కూర్చునదే గాని రాష్ట్ర పోలీసులకు ఆజ్ఞలిచ్చునది కాదు. సేకరణభారము ముఖ్యముగా రాష్ట్రముల పరిశోధక శాఖలది. పరాయి ప్రభుత్వము సైతము ఈ హద్దును కాగితము మీద నిలిపెను. అయితే ఆ శాఖకు నేరము పేరు ఉన్నను, స్వదేశీ ఉద్యమము వచ్చినప్పటినుండి దాని చూపు దొంగలమీదకంటె దేశభక్తులమీదనే నిలిచెను. 1920లో దానికి ఇంటెలిజెన్స్ బ్యూరో అను పేరు వచ్చెను. 1924నుండి 1931వరకు దానికి అధిపతిగా ఉండిన డేవిడ్ పెట్రీని, యుద్ధకాలమున బ్రిటిషు ప్రభుత్వము 1941లో తన స్వదేశపు భద్రతాశాఖయైన ఎం.ఐ.5ను చక్కబెట్టుటకు పిలిపించెను. ఆయన శత్రుగూఢచారులను పట్టువారిని ఒక విభాగముగా నిలిపి, విదేశీయులపై నిఘాను, అంతర్గత ఉద్యమములపై నిఘాను వేరు విభాగములకు మార్చెను. పని ఎక్కువై ఊపిరాడని కచేరికి ఆయన చేసిన వైద్యము పనిని పంచుటయే.

1947లో అధికారము మారినప్పుడు మద్రాసు పోలీసు శాఖనుండి వచ్చిన టి.జి. సంజీవి పిళ్ళె బ్యూరోకు తొలి భారతీయ అధిపతి అయ్యెను. ఆయనకు దక్కినది సంపన్నమైన కచేరి కాదు. ముఖ్యమైన పత్రములనేకము పోయెను. అనుభవజ్ఞులైన ఉద్యోగులు కొందరు ఇంగ్లండునకు, కొందరు పాకిస్తానునకు తరలిరి. అంతవరకు స్వాతంత్ర్య సమరయోధులను వెంటాడిన శాఖ అదే సమరయోధుల ప్రభుత్వమునకు కన్ను కావలసి వచ్చెను. 1950లో బి.ఎన్. మల్లిక్ అధిపతియై 1964వరకు ఆ పదవిలో ఉండెను. ఈ కాలమున దేశము లోపలి వార్తలును, వెలుపలి వార్తలును ఒకే ఇంట చేరెను. టిబెట్టు సరిహద్దు మీద కావలి కూడ బ్యూరోపైననే పడెను.

ఒకే ఇల్లు పెద్దదగుట తప్పు కాదు. కాని వార్త తెచ్చినవాడే దానిని తూచి, తూచినవాడే నిర్ణయము జరుగు సభలో కూర్చుండినప్పుడు, అతని తూకమును పరీక్షించువారు ఎవరు? 1961 నవంబరు 2వ తేదీన నెహ్రూ ఎదుట సరిహద్దు విధానమును నిశ్చయించిన సమావేశమున రక్షణమంత్రి కృష్ణమీనన్, సేనాధిపతి థాపర్ లతోబాటు మల్లిక్ కూడ ఉండెను. మనము కొత్త ఠాణాలు పెట్టినను చైనావారు బలప్రయోగమునకు పూనుకొనకపోవచ్చునని బ్యూరో అంచనా. 1962 అక్టోబరు 20న ఆ అంచనా హిమాలయములలో కూలిపోయెను. బ్యూరో ఏమియు చూడలేదనుట న్యాయము కాదు. చైనావారి దారులను గూర్చియు, ఠాణాలను గూర్చియు అది పలుమారులు నివేదికలు పంపెను. కన్ను చూచెను; తూకము తప్పెను.

మరుసటి సంవత్సరము సెప్టెంబరు 2న రక్షణమంత్రి వై.బి. చవాన్ లోకసభలో ఈ సంగతిని దాచక చెప్పెను. వార్తల సేకరణ తృప్తికరముగా లేదనియు, అవి ఆలస్యముగా, అస్పష్టముగా వచ్చెననియు, వాని మూల్యాంకనమునందును, పంపకమునందును లోపములు కలవనియు ఆయన ప్రకటన సారాంశము. సేకరణ, మూల్యాంకనము, పంపకము అను మూడింటిని విడివిడిగా పేర్కొనుటయే ఆ ప్రకటన విలువ. తరువాత 1965లో, సేనాధిపతుల అధీనమున ఉండిన జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ కేబినెట్ సచివాలయమునకు మారెను. తూచు కచేరి తెచ్చు కచేరినుండి దూరముగా జరుగుటకు అది తొలి అడుగు.

అదే సంవత్సరము పాకిస్తానుతో జరిగిన యుద్ధము వెలుపలి వార్తల విషయమున మరల అసంతృప్తిని మిగిల్చెను. 1968 సెప్టెంబరు 21న ఇందిరాగాంధి ప్రభుత్వము బ్యూరోను చీల్చి, వెలుపలి వార్తలకు రిసెర్చ్ అండ్ ఎనాలిసిస్ వింగ్ ను స్థాపించెను. రామేశ్వరనాథ్ కావ్ దాని అధిపతి. శంకరన్ నాయర్ ఆయనకు కుడిభుజము. సుమారు 250 మంది ఉద్యోగులు పాత ఇంటినుండి కొత్త ఇంటికి వచ్చిరని చెప్పుదురు. దానికి శాఖ అను పేరైనను పెట్టక, కేబినెట్ సచివాలయములో ఒక విభాగమనిరి. మూడేండ్లలో, 1971లో, తూర్పు బెంగాలు సంకటము దానికి పరీక్షయై వచ్చెను. ఆ పరీక్షలో అది నెగ్గెనని మిత్రులును, విమర్శకులును అంగీకరింతురు.

కాని ఇల్లు చీలినప్పుడు ఇంటివారి మనస్సులును చీలును. పోలీసునుండి వచ్చినవారు, సైన్యమునుండి వచ్చినవారు, నేరుగా చేరినవారు ఒకే బల్ల చుట్టు కూర్చుండిరి. ఎవరు పెద్ద, ఎవరికి పదోన్నతి, ఎవరు తిరిగి స్వస్థానమునకు పోవలెను అను ప్రశ్నలు పుట్టెను. పేరులేక పనిచేయువానికి మన్నన దొరకునది తన కచేరిలో మాత్రమే. అదియు దొరకకున్న వాని మొర వినువాడు లేడు. 1980లో ఆ సంస్థ ఉద్యోగులలో కొందరు బాహాటముగా ఆందోళనకు దిగిరి. ప్రభుత్వము ఇచ్చిన సమాధానము శాసనరూపమున వచ్చెను: 1984లో యాభైయవ రాజ్యాంగ సవరణ 33వ అధికరణమును విస్తరించెను, 1985 నాటి చట్టము గూఢచార సంస్థల ఉద్యోగులకు సంఘములు పెట్టుకొను హక్కును పరిమితము చేసెను. గమనింపదగిన సంగతి యేమనగా, ఈ సంస్థల ఉద్యోగుల హక్కులను తగ్గించుటకు పార్లమెంటు చట్టము చేసెను గాని, ఆ సంస్థల అధికారములను, హద్దులను నిర్ణయించు చట్టమును నేటివరకు చేయలేదు.

ఇల్లు రెండైనప్పుడు నడుమ దారి ఎంత అవసరమో 1999లో కార్గిల్ తెలియజేసెను. యుద్ధానంతరము కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన సమీక్షాసంఘము నివేదిక 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చెను. అందులోని ఒక చిన్న సంగతి ఈ చరిత్రనంతటిని ఒక కాగితములో ఇమిడ్చి చూపును. 1998 జూన్ లో, అనగా యుద్ధమునకు సుమారు సంవత్సరము ముందు, ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతి కార్గిల్ కెదురుగా శత్రువు కదలికలను గూర్చి తన సంతకముతో ఒక లేఖ పంపెను. అది ప్రధానికి, హోంమంత్రికి, కేబినెట్ కార్యదర్శికి, హోం కార్యదర్శికి, సైనిక కార్యకలాపముల డైరెక్టరు జనరలుకు పోయెను. దానిని వెలుపల వెంబడింపగల రా అధిపతికి గాని, తూచవలసిన జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ అధ్యక్షునికి గాని, సైనిక గూఢచారశాఖ అధిపతికి గాని పంపబడలేదు. ఆజ్ఞ ఇచ్చువారికి వార్త చేరెను. వెదకువారికి, తూచువారికి చేరలేదు. వార్త రహస్యముగా ఉండుటవలన కాదు, సరియైన చిరునామా లేకుండుటవలన వ్యర్థమయ్యెను. మంచుకొండలమీద ప్రాణములొడ్డిన 500కు పైబడిన సైనికులను తలచినప్పుడు, చిరునామా అను మాట ఎంత బరువైనదో మనకు తెలియును.

ఆ నివేదిక ఫలితముగా మంత్రుల బృందమొకటి 2001లో సిఫారసులు చేసెను. 2002లో మూడు సేనలకును ఉమ్మడిగా రక్షణ గూఢచార సంస్థయు, 2004లో సాంకేతిక పరిశోధనకు వేరొక సంస్థయు ఏర్పడెను. వార్తలను పంచుకొనుటకు బ్యూరోలో బహుసంస్థల కేంద్రము వెలసెను. అయినను 2008 నవంబరు 26న ముంబయి మండినప్పుడు, సముద్రమార్గమున దాడి జరుగవచ్చునను హెచ్చరికలు ముందే కలవని తేలెను. దెబ్బ తగిలినప్పుడెల్ల ఒక కొత్త గది కట్టుట మన అలవాటయ్యెను. పాత గదుల నడుమ తలుపులు తెరచుట అంతకంటె కష్టమైన పని.

2012లో ఇంకొక ప్రశ్న తలెత్తెను. ఉగ్రవాద నిరోధమునకు ఒక జాతీయ కేంద్రమును బ్యూరోలోనే నెలకొల్పి, దానికి అరెస్టు, సోదా అధికారములీయ కేంద్రప్రభుత్వము ఉత్తరువు వెలువరించెను. పలువురు ముఖ్యమంత్రులు ఎదిరించిరి. ఆ కేంద్రము ఏర్పడలేదు. ఈ వివాదమును కేవలము కేంద్ర రాష్ట్రముల పంతముగా చూచినవారు దాని లోతును గమనింపలేదు. వేగు తెచ్చు చేతికి ఖడ్గము ఇచ్చుట తగునా అనునది అసలు ప్రశ్న. వార్త కూర్చువాడు అనుమానముమీద పనిచేయును. అరెస్టు చేయువాడు సాక్ష్యముమీద పనిచేయవలెను. అనుమానమే ఆజ్ఞయైన చోట నిరపరాధికి రక్షణ ఉండదు. 1975-77 నాటి అత్యవసర పరిస్థితిని చూచినవారికి ఈ భయము ఊహామాత్రము కాదు. అప్పటి అధికార దుర్వినియోగమును విచారించిన షా కమిషను నివేదికలు అందుకు సాక్ష్యము.

ఇట్లు 1887నుండి నేటివరకు జరిగిన మార్పులను వరుసగా చూచినచో ఒక సత్యము కనబడును. ఇండ్లు చీలెను, కలిసెను, పెరిగెను, పేర్లు మారెను. మారక నిలిచినవి రెండు ప్రశ్నలు. వార్త ఎవరికి చేరవలెను? దానిని కలిగియున్నవారిని ఎవరు ప్రశ్నింపగలరు? మొదటి ప్రశ్నకు సంఘములు, మంత్రుల బృందములు కొంత సమాధానము వెదకినవి. రెండవదానికి ఇంకను స్పష్టమైన సమాధానము లేదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము సైతము, అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప, ఈ సంస్థలను తన పరిధికి వెలుపల ఉంచెను. రహస్యము రాజ్యమునకు అవసరమే. ఆ అవసరమును ఎవరును కాదనరు. కాని రహస్యముగా పనిచేయువాడు ఎవరికిని జవాబుదారి కాకపోవుట వేరు సంగతి.

కౌటిల్యుడు రాజునకొరకు వ్రాసెను గనుక, చారులను పరీక్షించు భారమును రాజుపైననే ఉంచెను. నేడు ఆ రాజు స్థానమున ప్రజలు ఉన్నారు. తమ కన్నులు ఏమి చూచుచున్నవో ప్రతిదినము వారు తెలిసికొనలేకపోవచ్చును. ఆ కన్నులు ఎవరివైపు తిరిగియున్నవో, వానిని త్రిప్పు అధికారము ఎవరిదో తెలిసికొను హక్కు మాత్రము వారిదే. పునర్వ్యవస్థీకరణ అను పొడిమాట వెనుక ఉన్న జీవము ఇది.