రియర్ వీల్ డ్రైవ్ స్పోర్ట్స్ కార్లు – మంచులో నడక, టైర్ల ఎంపిక

ఇంజిను శక్తి వెనుక చక్రాలకు మాత్రమే అందే కార్లను రియర్ వీల్ డ్రైవ్ కార్లంటారు. మజ్దా ఎంఎక్స్-5, టొయోటా జీఆర్ 86, ఫోర్డ్ మస్టాంగ్, పోర్షె 911లో కొన్ని రకాలు ఈ కోవలోవి. మంచు కురిసే దేశాల్లో ఇలాంటి బండిని చలికాలం మొదలవగానే గ్యారేజీలో పెట్టి, వసంతం వచ్చాకే బయటికి తీసేవాళ్లు చాలామంది. వెనుక చక్రాల బండి మంచుకు పనికిరాదన్న నమ్మకమే దీనికి కారణం. అయితే 1974 నుంచి 1993 దాకా తయారైన వోల్వో 240 కూడా వెనుక చక్రాల బండే. స్వీడన్‌లో ఎన్నో కుటుంబాలు ఏళ్ల తరబడి దానితోనే చలికాలాలు దాటాయి. మంచులో బండి నడవడానికైనా, ఆగడానికైనా మొదటి ఆధారం టైరు. శక్తి ఏ చక్రాలకు అందుతుందన్నది ఆ తర్వాతి మాట.

పట్టు లెక్క

పొడి తారురోడ్డు మీద టైరు ఘర్షణ గుణకం సుమారు 0.8 ఉంటుంది. తొక్కుడుపడి గట్టిపడిన మంచు మీద అది 0.2 ప్రాంతానికి, నున్నటి గడ్డ మంచు మీద 0.1కి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు బ్రేకు పడిన క్షణం నుంచి పొడి రోడ్డు మీద దాదాపు 12 మీటర్లలో ఆగుతుంది. గుణకం 0.2 అయితే దాదాపు 50 మీటర్లు, 0.1 అయితే దాదాపు 100 మీటర్లు పడుతుంది. బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి కాబట్టి ఈ లెక్క ఏ బండికైనా ఒకటే. ఆల్ వీల్ డ్రైవ్ కారు మంచులో సులువుగా కదులుతుంది తప్ప, ఆ కారణంగా త్వరగా ఆగదు. ఈ తేడా తెలియక దాన్ని నమ్ముకుని వేగంగా వెళ్లేవాళ్లు మలుపుల్లో మోసపోతారు.

బయలుదేరేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం రియర్ వీల్ డ్రైవ్ లోటు కనిపిస్తుంది. ముందూ వెనుకా బరువు సమానంగా పంచుకున్న కారులో శక్తిని రోడ్డుకు అందించే చక్రాల మీద ఉండేది సగం బరువే. గుణకం 0.2 అయితే అలాంటి కారు పది శాతం వాలు ఎక్కడమే గగనం. టైర్లు పనికిరానివై పట్టు సగానికి పడిపోతే ఐదు శాతం వాలు దగ్గరే చతికిలబడుతుంది. ఇంజిను వెనుక ఉండే పోర్షె 911లో దాదాపు 60 శాతం బరువు వెనుక చక్రాల మీదే పడుతుంది కాబట్టి ఆ బండి మంచులో బాగానే లాగుతుంది. దాని కష్టమల్లా మలుపులో. అక్కడ వెనుక భాగం ఒకసారి జారిందంటే ఆ బరువే దాన్ని ఇంకా బయటికి తోస్తుంది.

టైరుకున్న పట్టు ఒక్కటే. ముందుకు తోయడానికి, పక్కకు జారకుండా నిలవడానికి దాన్నే పంచుకోవాలి. మలుపులో యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కితే వెనుక టైర్ల పట్టంతా తోయడానికే ఖర్చయిపోయి, పక్కకు నిలవడానికి ఏమీ మిగలదు. వెనుక భాగం తిరిగిపోవడానికి కారణం ఇదే.

రబ్బరు, బటన్లు

వేసవి టైర్లలోని రబ్బరు వేడిలో గట్టిగా పట్టుకునేలా తయారవుతుంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగువకు పోయేకొద్దీ అది బిరుసెక్కి, రోడ్డు మీది సన్నని గరుకులను అంటిపెట్టుకోలేకపోతుంది. అందుకే మంచు పడకపోయినా, పొడిగా ఉన్న రోడ్డు మీద కూడా గట్టి చలి ఉన్న ఉదయం వేసవి టైర్లు జారతాయి. స్పోర్ట్స్ కార్లతో వచ్చే అతి మెత్తని రేసింగ్ తరహా టైర్లను గడ్డకట్టే చలిలో కదిలిస్తే పగుళ్లు రావచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు.

చలికాలపు టైరు రబ్బరులో సిలికా పాళ్లు ఎక్కువ. సున్నా కన్నా చాలా దిగువన కూడా అది మెత్తగానే ఉంటుంది. దాని బటన్లను దగ్గరగా చూస్తే ఒక్కోదాని మీద వంకర వంకరగా సన్నని కోతలు కనిపిస్తాయి. చక్రం తిరిగి బటన్ నేలను తాకినప్పుడు ఆ కోతలు తెరుచుకుని, వాటి అంచులు మంచును గీరి పట్టుకుంటాయి. బటన్ల మధ్య గాళ్లలో మంచు కూరుకుపోవడం లోపం అనుకుంటారు కానీ, పట్టు పెంచేది అదే. రబ్బరు మంచుకు అతుక్కునే దానికన్నా మంచు మంచుకు గట్టిగా అతుక్కుంటుంది.

ఈ టైర్లకు పుట్టినిల్లు ఫిన్లాండ్. నోకియన్ టైర్స్‌కు మూలమైన సువోమెన్ గుమ్మితెహ్దాస్ సంస్థ 1934లో ట్రక్కులకు, 1936లో కార్లకు మంచు టైర్లు తెచ్చింది. తర్వాత ఇనుప మేకులు దిగ్గొట్టిన టైర్లు చాలా దేశాల్లో వాడుకలోకి వచ్చాయి. అవి గడ్డ మంచును బాగా కరుస్తాయి కానీ మంచు లేనిచోట రోడ్డును గీకి దుమ్ము లేపుతాయి. ఆ దుమ్ము ప్రజారోగ్య సమస్యగా మారడంతో జపాన్ 1990లో చట్టం చేసి వాటిని కట్టడి చేసింది. మేకులు లేకుండానే గడ్డ మంచు మీద నిలిచే టైరుగా బ్రిడ్జ్‌స్టోన్ సంస్థ బ్లిజాక్‌ను 1988లోనే అక్కడ విడుదల చేసింది. మేకుల టైర్లు జర్మనీలో నిషిద్ధం. ఫిన్లాండ్, స్వీడన్, నార్వేల్లో మాత్రం చలికాలంలో నేటికీ వాడతారు.

గుర్తులు, చట్టాలు

టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు ఉన్న బొమ్మ ఉంటే, అది మంచు మీద నిర్ణీత పరీక్ష నెగ్గిన టైరని అర్థం. ఈ గుర్తు 1999లో ఉత్తర అమెరికాలో మొదలైంది. ‘ఎం+ఎస్’ అనే అక్షరాలు బటన్ల అమరికను మాత్రమే సూచిస్తాయి, వాటి వెనుక పరీక్షేమీ ఉండదు. కెనడాలోని క్యుబెక్‌లో 2008 నుంచి చలికాలపు టైర్లు తప్పనిసరి. ప్రస్తుత గడువు డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు. జర్మనీలో మంచు, గడ్డ మంచు ఉన్న రోడ్ల మీద ఇవి ఉండి తీరాలి. 2024 అక్టోబరు నుంచి అక్కడ కొండ గుర్తు లేని టైరు చలికాలపు టైరుగా చెల్లదు.

ఎంపిక

చలికాలపు టైర్లలో రెండు తెగలున్నాయి. మిషెలిన్ ఎక్స్-ఐస్, బ్లిజాక్ డబ్ల్యూఎస్ వంటివి బాగా మెత్తనివి. నెలల తరబడి రోడ్లు గడ్డకట్టి ఉండే మాంట్రియల్, మినియాపొలిస్, హెల్సింకి వంటి చోట్లకు ఇవే తగినవి. పొడి రోడ్డు మీద స్టీరింగ్ కాస్త బద్ధకంగా ఉన్నా సర్దుకోవాలి. మిషెలిన్ పైలట్ ఆల్పిన్, పిరెల్లి సొట్టోజీరో వంటివి రెండో తెగ. మ్యూనిక్ లాగా ఎక్కువ రోజులు తడి, చలి, మధ్య మధ్య మంచు ఉండే ఊళ్లలో స్పోర్ట్స్ కారు నడక చెడకుండా కాపాడేవి ఇవి. ఏడాది పొడవునా వాడే టైర్లలో 2015లో వచ్చిన మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ లాంటి కొన్నింటికి కొండ గుర్తు ఉంది. మంచు అరుదుగా పడే ఊళ్లో అవి సరిపోతాయి కానీ, గడ్డ మంచు రోజూ ఉండే ఊళ్లో శక్తిమంతమైన వెనుక చక్రాల బండికి చాలవు.

స్పోర్ట్స్ కార్లకు తరచూ ముందుకన్నా వెనుక వెడల్పైన టైర్లుంటాయి. చలికాలానికి కాస్త సన్నని టైరు మేలు. మెత్తని మంచునూ బురద మంచునూ అది కోసుకుంటూ పోతుంది, వెడల్పు టైరు పైకి తేలుతుంది. రిమ్ము ఒక అంగుళం తగ్గిస్తే పక్కగోడ ఎత్తు పెరిగి గుంతల దెబ్బ తగ్గుతుంది, టైరు ధరా తగ్గుతుంది. అయితే చిన్న రిమ్ములో బ్రేకు క్యాలిపర్ పడుతుందో లేదో ముందే చూసుకోవాలి.

తోసేవి వెనుక చక్రాలే కదా అని వెనుక రెండే మార్చడం ప్రమాదకరం. బండి చక్కగా బయలుదేరుతుంది, కానీ తిప్పితే తిరగదు, ఆపితే ఆగదు. బ్రేకు భారంలో ఎక్కువ పాలు మోసేవి ముందు టైర్లే. నాలుగూ మార్చాలి.

బటన్ల లోతు 4 మిల్లీమీటర్లకు దిగితే మంచులో పనితనం బాగా పడిపోతుంది. ఆస్ట్రియా చట్టం కార్ల చలికాలపు రేడియల్ టైర్లకు అదే కనీస హద్దుగా పెట్టింది. చలికి గాలి కూడా తగ్గుతుంది. ప్రతి 5.5 డిగ్రీలకు సుమారు 1 పీఎస్ఐ చొప్పున లెక్క. 20 డిగ్రీల వెచ్చని గ్యారేజీలో గాలి కొట్టిన టైరు మైనస్ 13 డిగ్రీల చలిలో 6 పీఎస్ఐ తక్కువ చూపిస్తుంది.

నడిపే తీరు

మాన్యువల్ బండిని రెండో గేరులో, క్లచ్ మెల్లగా వదులుతూ కదిలించాలి. మంచులో కూరుకుపోతే ట్రాక్షన్ కంట్రోల్ ఇంజినును నొక్కేసి కదలనివ్వదు. అప్పుడు దాన్ని కాసేపు ఆపి, బండి బయటపడగానే మళ్లీ పెట్టాలి. దిగువకు వెళ్లేటప్పుడు హఠాత్తుగా కింది గేరు వేయకూడదు. ఇంజిను బిగింపు వెనుక చక్రాల మీదే పడి అవి జారతాయి. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ నుంచి కాలు ఒక్కసారిగా తీసినా వెనుక భాగం తేలికై తిరుగుతుంది.

వెనుక భాగం కుడికి జారితే స్టీరింగ్ కుడికే తిప్పాలి, వెళ్లవలసిన దారినే చూడాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. బండి దారిలోకి వస్తున్నప్పుడు స్టీరింగ్‌ను అంతే త్వరగా నేరు చేయాలన్నది మరిచిపోతారు. ఆలస్యమైతే వెనుక భాగం ఎడమకు విసురుతుంది, ఆ రెండో జారుడు మొదటిదానికన్నా ఉద్ధృతంగా ఉంటుంది. దీన్ని సరిదిద్దే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అమెరికాలో 2012 మోడళ్ల నుంచి తప్పనిసరి, అంతకన్నా పాత బండ్లలో ఉండకపోవచ్చు. ఉన్నా అది లేని పట్టును పుట్టించలేదు.

మంచు మందం బండి అడుగు ఎత్తును మించితే ఏ టైరూ ఆదుకోదు. బండి పొట్ట మంచు మీద ఆని చక్రాల మీద బరువు తగ్గిపోతుంది. స్పోర్ట్స్ కార్లు నేలకు దగ్గరగా ఉంటాయి కాబట్టి, భారీగా మంచు పడిన రోజున రోడ్డు శుభ్రం చేసేదాకా బయటికి తీయకపోవడమే సరైన పని.

తెలుగు రాష్ట్రాల్లో ఈ టైర్ల అవసరం లేదు. ఇక్కడి ఎండలకు ఆ మెత్తని రబ్బరు త్వరగా అరిగిపోతుంది. చికాగో, డెట్రాయిట్, టొరంటో వంటి నగరాలకు చదువుకో ఉద్యోగానికో వెళ్లి పాత మస్టాంగో, కామరోనో కొనాలనుకునే తెలుగువారు బేరమాడే ముందే టైరు పక్కగోడ చూడాలి. కొండ గుర్తు ఉందా, తయారీ తేదీని చెప్పే నాలుగంకెల్లో చివరి రెండూ ఏ ఏడాదిని చూపిస్తున్నాయి అన్నది గమనించాలి. గుర్తు లేకపోతే నాలుగు చలికాలపు టైర్ల ఖర్చును బండి ధరలో కలిపి లెక్క వేసుకోవాలి.