నర్సమ్మలకు పాఠం చెప్పిన బొమ్మ



ఆస్పత్రిలో నర్సు సూది పట్టుకుని వస్తే మన చూపంతా ఆమె చేతిమీదే ఉంటుంది. చెయ్యి తిరిగిన మనిషయితే చీమ కుట్టినట్టే ఉంటుంది. మరి ఆ చెయ్యి ఎవరిమీద తిరిగిందంటారు? మొదటి సూది ఎవరో ఒకరికి గుచ్చాలి కదండీ! ఒకప్పుడు ఆ ఎవరో ఒకరు మంచంమీది రోగే. కొన్నిచోట్ల గడ్డి కూరిన బొమ్మలుండేవి గాని, నాలుగుసార్లు ఎత్తి దించేసరికి అవి పాడైపోయేవి.

ఈ చిక్కు విప్పింది ఒక గృహిణి. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, పొటకెట్ అనే ఊళ్లో మార్తా చేస్ అనే ఆవిడ ఉండేవారు. డాక్టరుగారి కూతురు, డాక్టరుగారి భార్య. పింగాణీ బొమ్మలు కిందపడితే పగిలిపోతాయని తన పిల్లలకు గుడ్డబొమ్మలు కుట్టి, పైన నూనెరంగు పూసేవారు. మాస్తే కడుక్కోవచ్చు. 1889 ప్రాంతంలో మొదలైన ఈ పని, ఇంటి పెరట్లోనే చిన్న కార్ఖానా అయింది.

కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ ఆస్పత్రి నర్సింగు పాఠశాల ప్రిన్సిపాలు లాడర్ సదర్లాండ్, మనిషంత బొమ్మ చేసివ్వమని ఈవిడను అడిగారు. 1911లో అయిదడుగుల నాలుగంగుళాల బొమ్మ తయారైంది. మోకాళ్లు, మోచేతులు, తుంటి కీళ్లు వంగేవి. ‘మిసెస్ చేస్’ అనే పేరు దానికే స్థిరపడింది. పక్కమీద దొర్లించడం, బట్టలు మార్చడం, ఎత్తి కూచోబెట్టడం పిల్లలు దానిమీదే నేర్చుకున్నారు. 1914లో చేతికి సూది వేసే చోటు, లోపల నీళ్ల తిత్తి అమర్చారు. ఎనిమా ఇవ్వడం, మూత్రానికి గొట్టం వేయడం లాంటి పనులు కూడా బొమ్మమీదే సాధన చేసే వీలు కలిగింది. ఆ పనులకు మనిషి ఎంత సిగ్గుతో ముడుచుకుపోతాడో మనకు తెలియనిదా!

1960లో నార్వే దేశపు బొమ్మల వ్యాపారి లేర్డాల్, నోటితో ఊపిరి పోయడం నేర్పే ‘ఆన్’ అనే బొమ్మను తెచ్చారు. ఇప్పుడైతే నాడి కొట్టుకునే బొమ్మలు, కంప్యూటరు ఆడించినట్టు ఊపిరి తీసే బొమ్మలు వచ్చేశాయి. మన దేశంలోనూ 2021లో వెలువడిన బి.ఎస్సీ. నర్సింగు పాఠ్యప్రణాళికలో ఇలాంటి సాధనకు చోటిచ్చారు.

బొమ్మకు నొప్పి తెలియదు, భయం లేదు. కాబట్టి బొమ్మతోనే చదువు పూర్తికాదు. రోగి దగ్గర, టీచరు కళ్లెదుట, ఓర్పూ మంచిమాటా నేర్చుకోవాల్సిందే. కానీ తొలి తడబాటు గుడ్డమీద జరిగితే ఎవరికీ నష్టం లేదు.

అమ్మాయిని నర్సింగులో చేర్చేటప్పుడు ఫీజెంత, హాస్టలెలా ఉందని అడుగుతాం. బొమ్మలున్న సాధనగది ఉందా, అది తాళం వేసి ఉంటుందా, పిల్లల చేత చేయిస్తారా అని కూడా ఒక్కమాట అడగండి.