కూర్చోబెట్టిన చరిత్ర: లదేణి నుంచి ఫోన్ దాకా మన తాండ పిల్లలు

పోస్ట్ జర పొడుగుంది, తీరిగ్గా చదవండి.

2019 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదేళ్ల లోపు పిల్లల గురించి కొన్ని సూచనలు ఇచ్చింది. ఏడాది దాటిన పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదలాలె, ఆడాలె. తోపుడు బండిలో గానీ, కుర్చీలో గానీ, వీపుకు కట్టుకొని గానీ ఒక్కసారికి గంట మించి కదలకుండా ఉంచొద్దు. ఏడాది పిల్లలకు టీవీ, ఫోన్ అసలే వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు గంట మించొద్దు.

హాస్టల్‌లో మేము దీని మీద మాట్లాడుకుంటుంటే ముందు అందరికీ నవ్వొచ్చింది. ఎందుకంటే మన తాండల్లో యాడి, బా మా గురించి కోరుకున్నది ఒక్కటే: నా బిడ్డ నీడ పట్టున కూర్చొని బతకాలె. ఎండల నిలబడొద్దు, బండలు మోయొద్దు. మమ్మల్ని హాస్టల్‌లో వేసింది కూర్చోబెట్టడానికే. ఇప్పుడు ప్రపంచం వచ్చి కూర్చోవడం రోగం అంటున్నది. ఈ రెండు మాటల నడుమ మన చరిత్ర మొత్తం ఉంది, అందుకే రాస్తున్నం.

మనోళ్లు కూర్చున్న జాతి కాదు. 17వ శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచ్ వ్యాపారి టావెర్నియె, పది పన్నెండు వేల ఎద్దులతో ధాన్యం, ఉప్పు మోసుకుపోయే బిడారాలను దారిలో చూసి రాసిండు. వాళ్లకు ఇండ్లు లేవు, గుడారాలే, భార్యాపిల్లలు వెంటే ఉంటరని కూడా రాసిండు. అదే మన లదేణి. మన పిల్లల బాల్యం దారి మీదనే గడిచింది. 1799లో శ్రీరంగపట్నం మీదికి పోయిన ఇంగ్లిష్ సైన్యానికి తిండిగింజలు మోసిన వాళ్లలో కూడా మనోళ్లు ఉన్నరు.

తర్వాత రైలు వచ్చింది. వాడి నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం సర్కారు పైసలతో వేసిన లైను 1874లో మొదలైంది. తాండూరు, వికారాబాద్ స్టేషన్లు ఆ లైను మీదివే. ఎద్దుల మంద వారాల తరబడి మోసే ఉప్పును గూడ్సు బండి రోజుల్లో దించేసింది. మెల్లమెల్లగా లదేణి ఆగిపోయింది. అంతకు మూడేళ్ల ముందు, 1871లో, బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చిన్రు. తిరిగేవాళ్లంటే సర్కారుకు అనుమానం. కొన్ని ప్రాంతాల్లో బంజారాలను కూడా ఆ జాబితాలో పెట్టిన్రు. ఆ చట్టం పోయింది 1952లో. ఒక దిక్కు బతుకుదెరువు పోయింది, ఇంకో దిక్కు తిరిగితే నేరం. అడవి అంచున, గుట్టల కింద దొరికిన జాగల తాండలు నిలిచినయి. మనం కూర్చున్నది మన ఇష్టంతోనే అని ఎవరూ అనలేరు.

తాండ నిలిచింది గానీ పిల్లలు కూర్చోలేదు. పశువులు, మేకలు, కట్టెలు, నీళ్లు. ఆసామి దగ్గర జీతానికి కుదిరిన పిల్లలు ఎంతమందో. మన నాయినల వయసు వాళ్లను అడిగితే చెప్తరు, ఏడాదికి ఇంత జొన్న, ఇంత పైకం అని. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు ఎస్టీల్లో చేరినంక హాస్టల్ సీట్ల దారి తెరుచుకుంది గానీ, జీతం ఉన్న పిల్లగాడికి ఆ దారి కనబడాలె గదా. 1991లో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పని మొదలుపెట్టి, ఇట్లాంటి పిల్లలను శిబిరాలకు తెచ్చి, బడికి తయారు చేసి పంపింది. అప్పుడు వికారాబాద్, తాండూరు ఆ జిల్లాలోనివే. బడికి పోని ప్రతి పిల్ల కూలి పిల్లే అన్నది వాళ్ల మాట. ఆ పని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ తరంలో బడి బల్ల మీద కూర్చోవడం అంటే విడుదల.

అందుకే "పాతకాలం పిల్లలు ఎంత గట్టిగా ఉండేవాళ్లు, రోజంతా తిరిగేవాళ్లు" అని ఎవరన్నా మురిసిపోతే మాకు కోపం వస్తది. మేకల వెంట పోయే పిల్లకు 180 నిమిషాలు పొద్దు ఎక్కక ముందే అయిపోయేవి, నిజమే. దాన్ని ఆట అంటమా?

ఇంకో సంగతి ఎవరూ రాయరు. అదే కాలంలో కదలకుండా కూర్చున్న పసిపిల్లలు కూడా మన దగ్గరే ఉన్నరు. తాండూరు చుట్టూ నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు. అక్కడ పనికి పోయే తల్లి చంటిపిల్లను ఎక్కడ వదలాలె? చీర ఉయ్యాలలో వేసి, దుమ్ము పడకుండా కొంగు కప్పి పోతది. పాకే పిల్ల అయితే బండల మధ్యకు పోతదని కాలికి గుడ్డ కట్టేస్తది. లేదంటే ఏడేళ్ల అక్కను బడి మాన్పించి చంకన పెడతది. అప్పుడు ఆడాల్సిన ఇద్దరు పిల్లలు ఒక చెట్టు కింద ఆగిపోతరు. పుణె, ముంబై వలస పోయినోళ్ల పిల్లలు బిల్డింగుల కింద ఇట్లనే ఉంటరు. లదేణిని ఆపిన ఆ లైను మీదనే ఇప్పుడు మనోళ్లు కూలికి పోతున్నరు. ఒక్కసారికి గంట మించి కట్టి ఉంచొద్దన్న సూచన ఆ తల్లికి చదివి వినిపిస్తే ఏమంటదో ఆలోచించండి.

అసలు కూర్చోవడం మీద పరిశోధన ఎక్కడ మొదలైందంటే లండన్ బస్సుల్లో. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు, కూర్చొని నడిపే డ్రైవర్లకు, మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే గుండె జబ్బులు ఎక్కువని చూపించిండు. ఉద్యోగం చేసే పెద్దోళ్ల లెక్క అది. పసిపిల్లల దాకా రావడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది. బడి విషయంలో మాత్రం 1907లోనే రోమ్‌లో పేద కూలోళ్ల పిల్లల కోసం బడి పెట్టిన మాంటిస్సోరి, కదలనివ్వని బల్లలను తప్పు పట్టింది.

మన దగ్గర 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలై అంగన్‌వాడీలు వచ్చినయి. గుడ్డు, పాలు, టీకా, తూకం అన్నీ మంచివే. కానీ చాలా తాండల్లో అది ఒక్క గది, అదీ కిరాయిది. పిల్లలు గోడకు ఆనుకొని చేతులు కట్టుకుంటే టీచరమ్మ బాగా చూసుకుంటుంది అంటం. విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలె అన్నది, కానీ ఆ చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్లది. మూడేళ్ల పిల్లకు జాగ ఎవరిస్తరు?

2020 మార్చిలో బళ్లు బంద్ అయినయి. సెప్టెంబర్ 1 నుంచి టీవీలో, ఫోన్లో పాఠాలు. అప్పుడు మేము ఇంటికాడనే. మన ఇండ్లలో మొదటి పెద్ద ఫోన్ కొన్నది చాలా మంది ఆ ఏడాదే, మేక అమ్మి, అప్పు చేసి. పాఠం పెద్ద పిల్లకు, కానీ ఆ పక్కన కూర్చున్న రెండేళ్ల తమ్ముడు కూడా చూసిండు. ఒకటి నుంచి ఐదో తరగతి వాళ్లకు 2021 సెప్టెంబర్ దాకా బడి తెరవలేదు. బడి తెరిచినంక అక్క బడికి పోయింది, ఫోన్ తమ్ముడి చేతిలో ఉండిపోయింది. అమ్మ పనికి పోతే ఫోనే ఆయా. ఆ అమ్మను తిట్టడం మాకు రాదు. చీర ఉయ్యాల చేసిన పనే ఇప్పుడు ఫోన్ చేస్తున్నది.

ఆ సూచనల్లోనే ఇంకో మాట ఉంది: పిల్లలు కూర్చునే సమయంలో పెద్దోళ్లు దగ్గరుండి కథలు చెప్తే మంచిది అని. మన ముసలోళ్లు మంచం మీద కూర్చోబెట్టుకొని గోర్ బోలీలో చెప్పేది అదే. అంగన్‌వాడీలో ఆ భాష వినబడదు, ఫోన్‌లో కూడా పెద్దగా వినబడదు.

2018 చట్టంతో మన తాండలు చాలా వరకు పంచాయతీలు అయినయి. తీర్మానం రాసేది ఇప్పుడు మనోళ్లే. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణం బోర్డులు పెట్టిన్రు, వాలీబాల్ కోర్టు, లాంగ్‌జంప్ గుంత గీసిన్రు. అవి మా వయసు వాళ్లకు. మూడేళ్ల పిల్ల అక్కడ ఏం ఆడతది? అంగన్‌వాడీ పక్కన నాలుగు గుంటల జాగ, ఒక చెట్టు, ఇంత ఇసుక, పొద్దున నుంచి సాయంత్రం దాకా పిల్లల్ని చూసుకునే ఒక మనిషి, కూలికి పోయే తల్లులకు కావాల్సింది ఇది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు గ్రామసభలో అడుగుదాం అనుకుంటున్నం. పెద్దేముల్, బషీరాబాద్, యాలాల్, దోమ, కుల్కచర్ల దిక్కు వాళ్లు మీ తాండలో అంగన్‌వాడీకి సొంత జాగ ఉందా లేదా, ఉంటే ఎంత ఉందో కింద రాయండి. అన్నీ ఒక్క కాగితం మీద పెడదాం.